చెన్నైలో వార్డు కౌన్సిలర్‌గా నిలబడాలనుకుంటే ఇప్పట్నించీ చేయాల్సిన పని

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌కి కిందటిసారి ఎన్నిక 2022 ఫిబ్రవరి 19న జరిగింది. అంతకుముందు కౌన్సిల్ గడువు 2016 అక్టోబరులోనే ముగిసిపోయింది. అంటే మధ్యలో అయిదేళ్లకి పైగా ఏ వార్డుకీ ఎన్నికైన మనిషి లేడు. ఇప్పటి కౌన్సిల్ 2022 మార్చిలో కొలువుదీరింది కాబట్టి దాని అయిదేళ్లు 2027 మార్చి మొదటి రోజులతో నిండుతాయి. గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం చెబుతోంది. కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి, కొడుంగయ్యూరు, పెరంబూరు లాంటి చోట్ల మన తెలుగువాళ్లు ఎంతోమంది రక్తదాన శిబిరాలు పెడుతుంటారు, వానలొస్తే అన్నం పొట్లాలు కట్టిస్తుంటారు, సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తుంటారు. వాళ్లలో కొందరికైనా "ఈసారి మనమే నిలబడితే?" అన్న ఆలోచన వచ్చే ఉంటుంది. రావాలి కూడా. ఈ పోస్టు వాళ్ల కోసం.

ముందు లెక్క చూసుకోండి. 2022లో నగరంలో ఓటర్లు 61 లక్షల పైచిలుకు, వార్డులు 200. సగటున వార్డుకి 30 వేల మంది. పోలింగ్ 43 శాతం దాటి కొంచెం, అంతే. అంటే వార్డుకి సుమారు 13 వేల ఓట్లు పడ్డాయి. మూడు నాలుగు గట్టి పార్టీలు పోటీపడే చోట అయిదారు వేల ఓట్లు తెచ్చుకున్నవాళ్లు గెలిచే అవకాశం ఉంటుంది. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, ఈ లెక్కన అది 2,200 ఓట్ల దగ్గర. వార్డులన్నీ ఒకే సైజులో ఉండవు. పైగా 2025 చివర్లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక ముమ్మర సవరణలో (ఎస్‌ఐఆర్‌లో) చాలా పేర్లు పోయాయి. కాబట్టి మీ వార్డు కొత్త జాబితా చేతికి రాగానే ఈ లెక్క మళ్లీ వేసుకోండి. ఇంకో అంకె కూడా మనసులో ఉంచుకోవాలి: 200 మందిలో స్వతంత్రులుగా గెలిచినవాళ్లు అయిదుగురే.

ఇక రోజుల సంగతి. 2022లో నామినేషన్ల ఉపసంహరణ ఫిబ్రవరి 7న ముగిసింది, ప్రచారం 17 సాయంత్రంతో ఆగిపోయింది. చేతిలో ఉన్నది పది రోజులు. 30 వేల ఓటర్లంటే దాదాపు పది వేల గడపలు. అభ్యర్థి ఒక్కో గడప దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగి, రోజుకి ఆరు గంటలు తిరిగితే 120 నుంచి 150 ఇళ్లు అవుతాయి. పది రోజులకి పదిహేను వందలు, మహా అయితే. మిగతా ఎనిమిదిన్నర వేల ఇళ్లకి కరపత్రమే వెళుతుంది, మనిషి వెళ్లడు. పార్టీ గుర్తు ఉన్నవాళ్లకి ఆ గుర్తే ముఖపరిచయం. సేవ చేసి పేరు తెచ్చుకోవాలనుకునే మనిషికి ఆ పరిచయం ఎన్నికల ప్రకటన రాకముందే, కనీసం ఏడాది ముందే అయి ఉండాలి. నామినేషన్ వేశాక మొదలుపెట్టే సేవని జనం సేవగా లెక్కవేయరు.

సేవ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం తేల్చుకోవాలి. అన్నదానం, నోటు పుస్తకాల పంపిణీ మంచివే, కానీ వాటికి కార్పొరేషన్ కుర్చీ అక్కర్లేదు. కౌన్సిలర్ చేతిలో ఉండే పని వేరు: వీధి దీపాలు, చెత్త, లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, పార్కులు, కార్పొరేషన్ బడులు, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, శ్మశానాలు, జనన మరణ సర్టిఫికెట్లు, ఇంటి పన్ను. తాగునీరు, మురుగునీటి పైపులు మెట్రో వాటర్ అనే వేరే బోర్డువి. కరెంటు ఈబీది, అంటే విద్యుత్ బోర్డుది. రేషన్ కార్డు సివిల్ సప్లైస్‌ది, పట్టా తహసీల్దారుది. హౌసింగ్ బోర్డు కట్టిన టెనెమెంట్ల లోపలి మరమ్మతు ఆ బోర్డుది. ఈ తేడా తెలియక "నేనొస్తే ఇంటింటికీ కుళాయి" అని మాటిచ్చినవాళ్లు గెలిచాక మొదటి ఎండాకాలానికే మొహం చూపించలేకపోతారు.

వీధిలో నిలబడి ఈ తేడా చూడటం నేర్చుకోండి. రోడ్డు మధ్యలో గుండ్రటి ఇనప మూత ఉండి, దాని చుట్టూ నల్లనీళ్లు ఉబికి వస్తుంటే అది మురుగునీటి మ్యాన్‌హోల్. మెట్రో వాటర్‌కి, అంటే 1916 నంబరుకి ఫోన్ చేసి చెప్పాలి. రోడ్డు అంచున, ఫుట్‌పాత్ కింద పొడవాటి సిమెంటు పలకలు కప్పి ఉంటే అది వాననీటి కాలువ. ఇది కార్పొరేషన్‌ది, 1913కి చెప్పాలి. ఆ కాలువ పక్కనే అక్కడక్కడా జల్లెడ మూత వేసిన చిన్న గుంటలు కనిపిస్తాయి. రోడ్డు మీది నీళ్లు ముందు ఆ గుంటలో దిగి, ఇసుకా చెత్తా అడుగున ఆగిపోయాక, పైనున్న నీరు కాలువలోకి పోవాలి. గుంట నిండిపోతే కాలువ ఖాళీగా ఉన్నా రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. వానకి మునిగే వీధుల్లో మొదట చూడాల్సింది అదే. మూత సందుల్లోంచి ఒక కర్ర దింపి చూడండి, ఇసుక ఎంత ఎత్తున పేరుకుందో తెలిసిపోతుంది. వాన లేని రోజున కూడా ఆ కాలువలో నల్లనీరు పారుతూ కంపు కొడుతుంటే ఎవరో మురుగు కనెక్షన్ దొంగతనంగా అందులో కలిపారన్న మాట. అప్పుడు రెండు ఆఫీసులకీ చెప్పాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరు మూడో వారం ప్రాంతంలో వస్తాయి. కాబట్టి ఈ నడక ఆగస్టులో అయిపోవాలి. వార్డులో ప్రతి వీధీ నడిచి, నిండిన గుంటలు ఎన్ని, విరిగిన పలకలు ఎన్ని, ఏ ఇంటి ముందు అని రాసుకుని సెప్టెంబరు మొదట్లోనే వార్డు ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఒక కాగితంగా ఇవ్వండి. దీపావళి దాటాక ఇస్తే పూడిక తీసే కూలీలు నగరమంతా పరుగులు పెడుతూ ఉంటారు, మీ కాగితం అడుగున పడుతుంది. రోడ్డు వేసేటప్పుడు కూడా దగ్గర నిలబడాలి. పాత తారు పొరని గీకి తీశాకే కొత్తది వేయాలన్నది నియమం. గీకకుండా పైన పరిస్తే రోడ్డు లేస్తుంది, ఇళ్లు పల్లంలో పడతాయి. చెన్నైలో గడప దిగి లోపలికి వెళ్లాల్సిన పాత ఇళ్లు అన్ని ఉండటానికి కారణం చాలావరకు ఇదే.

అన్నిటికంటే విలువైన ఆస్తి ఒక ఫిర్యాదుల పుస్తకం. గట్టి అట్ట ఉన్న రెండు వందల పేజీల లాంగ్ సైజు నోటుబుక్కు చాలు. నిలువు గీతలు కొట్టి ఏడు గడులు చేయండి: తేదీ, వీధి, గుర్తు (దీపమైతే స్తంభం మీది నంబరు, గుంట అయితే ఎదురింటి నంబరు), ఏ ఆఫీసుది, ఫిర్యాదు నంబరు, ఎవరితో మాట్లాడాం, తీరిన తేదీ. చివరి గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ వరస బతికే ఉన్నట్టు. వారానికోసారి ఖాళీలన్నీ చూసి మళ్లీ ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎవరిదో వాళ్ల ఫోన్‌తోనే, వాళ్ల పేరుతోనే నమోదు చేయించండి. పని తీరినట్టు మెసేజ్ వాళ్లకే వస్తుంది, పని కాకుండానే "పూర్తయింది" అని మూసేస్తే వాళ్లకే తెలుస్తుంది. అలా మూసేసినవి చాలా ఉంటాయి. ఫొటో తీసి, పాత నంబరు వేసి, మళ్లీ తెరిపించాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటోలు మూడు రోజుల్లో కింద ఎక్కడో పోతాయి, పుస్తకం అలా పోదు. మూడు వందల ఫిర్యాదులు తీర్చిన పుస్తకం చేతిలో ఉంటే, ఏ వీధికి వెళ్లినా ఆ వీధి పేజీ తీసి చూపించవచ్చు. అంతకుమించిన కరపత్రం లేదు.

తీరని పనులకి సమాచార హక్కు అర్జీ వేయండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "రోడ్డు ఎందుకు బాగాలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా వీధి రోడ్డు ఆఖరిసారి ఏ తేదీన వేశారు, కాంట్రాక్టు విలువ ఎంత, కాంట్రాక్టరు సొంత ఖర్చుతో మరమ్మతు చేయాల్సిన గడువు ఎప్పటివరకు" అని అడగండి. మూడో ప్రశ్నకి జవాబే అసలైంది. గడువులోపు పాడైన రోడ్డుకి కార్పొరేషన్ మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేదు.

2022 నుంచి తమిళనాడులో వార్డు కమిటీలు, ఏరియా సభలు కూడా ఉన్నాయి. చెన్నైలో ఒక్కో వార్డుని పది ఏరియాలుగా విడదీశారు. ఆ ఏరియాలో ఓటున్న ప్రతి ఒక్కరూ సభ్యులే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. జనవరి చివర్లో ఒకసారి, తర్వాత ఏప్రిల్ 14, సెప్టెంబరు 15, డిసెంబరు 10 తేదీల్లో సభ జరపాలి. చాలాచోట్ల పదిమంది కూడా రారు. మీరు పదిహేను మంది ఇరుగుపొరుగుని తీసుకెళ్లి, మూడంటే మూడే కోరికలు రాసిచ్చి, అవి మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, ఎక్కేదాకా కూర్చోండి. ఇరవై కోరికలు ఇస్తే ఒక్కటీ ఎక్కదు. కౌన్సిలర్ కావాలనుకునే మనిషికి ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే రేపు గెలిస్తే అదే సభకి జవాబు చెప్పాల్సింది మీరే.

భాష మాట చెప్పుకోవాలి. కులం, మతం, భాష పేరు చెప్పి ఓటు అడగకూడదు. "మనవాడికి మన ఓటు" అన్న మాట కరపత్రంలో పడిందంటే కేసు కొనితెచ్చుకున్నట్టే. అయితే తెలుగు పెద్దావిడతో తెలుగులో మాట్లాడటంలో తప్పేమీ లేదు. చెన్నైలో మనవాళ్లు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే. అందుకని కరపత్రం తమిళంలో ఉండాలి, మాట ఎదుటివారి నోటి భాషలో ఉండాలి. ఓటర్ల జాబితా, కౌన్సిల్ అజెండా, ఏఈ ఇచ్చే జవాబు అన్నీ తమిళంలోనే నడుస్తాయి. తమిళం చదవడం రానివాళ్లు ఈ ఏడాదిలో నేర్చుకోవాల్సిందే, పక్కన ఒకర్ని పెట్టుకుని అయిదేళ్లు నెట్టుకురాలేరు. పిట్టి త్యాగరాయ చెట్టిగారు మన తెలుగువారే. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండి 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆ అన్నం ఏ భాష పిల్లలకని ఎవరూ అడగలేదు. టి.నగర్ పేరులో ఉన్నది ఆయనే.

రిజర్వేషన్ విషయంలో చాలామంది దెబ్బతింటారు. సగం వార్డులు ఆడవాళ్లకి, జనాభాని బట్టి కొన్ని ఎస్సీ, ఎస్టీలకి కేటాయిస్తారు. మీ వార్డు ఏ కేటగిరీలో పడేదీ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా తేలదు, అది ఎన్నికకి కొన్ని వారాల ముందే రావచ్చు. అందుకే మొదట్నుంచీ ఒక మనిషి చుట్టూ కాకుండా అయిదారుగురి బృందంగా పనిచేయండి, అందులో సగంమంది ఆడవాళ్లుండాలి. ఫిర్యాదుల పుస్తకం రాసేదీ, ఏఈతో మాట్లాడేదీ వాళ్లే అయితే, వార్డు మహిళలకి వచ్చినప్పుడు నిలబడటానికి అన్నీ తెలిసిన మనిషి సిద్ధంగా ఉంటుంది. పోస్టర్ మీద భార్య ఫొటో వేసి, ఆఫీసులో భర్త కూర్చునే పద్ధతి సేవ పేరెత్తే అర్హతనే పోగొడుతుంది.

పార్టీ తరఫున వెళ్లేవాళ్లు తొందరగానే విరుప్ప మనుకి, అంటే టికెట్ కోరుతూ పార్టీకి పెట్టుకునే దరఖాస్తుకి, సిద్ధపడాలి. పార్టీలు ఆ దరఖాస్తులు తీసుకునే రోజులు కొద్దిగానే ఉంటాయి. టికెట్ వచ్చాక పార్టీ ఇచ్చే అధికార పత్రం గడువులోపు రిటర్నింగ్ ఆఫీసర్‌కి అందకపోతే గుర్తు రాదు, స్వతంత్రుడిగా మిగిలిపోతారు.

ఇక నామినేషన్. 21 ఏళ్లు నిండాలి, కార్పొరేషన్ పరిధిలో ఎక్కడో ఒకచోట మీ ఓటు ఉండాలి, ప్రతిపాదించే మనిషి మాత్రం మీరు పోటీచేసే వార్డు ఓటరే అయి ఉండాలి. 2022లో డిపాజిట్ 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 2,000. కార్పొరేషన్‌తో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు నిలబడలేరు. ఇంటి పన్ను, నీటి పన్ను బాకీలు నెలల ముందే తీర్చి రసీదులు దగ్గర పెట్టుకోండి. అర్ధ సంవత్సరం మొదటి నెలలో కడితే ఇంటి పన్నులో 5 శాతం తగ్గుతుంది కూడా, ఈ ముక్క వీధిలో అందరికీ చెప్పండి.

కాగితాలు తిరగ్గొట్టే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. ప్రతిపాదకుడి పార్ట్ నంబరు, వరస సంఖ్య పాత జాబితాలోంచి ఎక్కించడం. అఫిడవిట్‌లో గడులు ఖాళీగా వదిలేయడం: కేసులు లేకపోతే "లేవు" అని, ఆస్తి లేకపోతే "లేదు" అని ప్రతి గడిలో రాయాల్సిందే, గీత కొట్టినా చాలదు. భార్య లేదా భర్త బంగారం, అప్పులు మరిచిపోవడం. రిజర్వు వార్డుకి కుల ధ్రువపత్రం జతచేయకపోవడం. ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మూడో రోజుకే వేస్తే, తప్పు బయటపడినా మరో సెట్టు వేసుకోవడానికి టైముంటుంది. పరిశీలన రోజున మీరే వెళ్లి కూర్చోండి, అభ్యంతరం వస్తే అక్కడికక్కడే జవాబు చెప్పాలి.

ఖర్చు పరిమితి 2022లో చెన్నై వార్డుకి 90,000 రూపాయలు. మాటకి ఇలా విడదీసుకోవచ్చు: రెండు విడతలు కలిపి 20 వేల కరపత్రాలకి 25,000, పది రోజులు మైకు కట్టిన ఒక ఆటోకి 20,000, తిరిగేవాళ్ల టీ, టిఫిన్లకి 20,000, ఏజెంట్ల భోజనాలు, జెరాక్సులు, బూత్ బల్లలకి 15,000. మిగిలిన 10,000 కదపకుండా ఉంచండి, చివరి రెండు రోజుల్లో ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది. ధరలు మీ పేట ప్రెస్సులో కనుక్కుని సరిచేసుకోండి. ప్రతి కరపత్రం మీద ప్రెస్సు పేరు, చిరునామా, వేయించినవాళ్ల పేరు, చిరునామా అచ్చవ్వాలి. ఎవరైనా ఉచితంగా ఇచ్చిన ఆటోకి కూడా విలువ కట్టి లెక్కలో చూపాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక మీ పేరుతో వైద్య శిబిరం, చీరల పంపిణీ లాంటివి నడిస్తే అవి లంచం కిందికి వస్తాయి. ఆ నెలలో శిబిరాన్ని వాయిదా వేయండి, లేదా పేరూ బ్యానరూ లేకుండా వేరేవాళ్లకి అప్పగించండి.

గడప దగ్గర "ఎంతిస్తారు?" అన్న ప్రశ్న వస్తుంది. తప్పించుకోవద్దు, కోప్పడొద్దు. కౌన్సిలర్ గౌరవ వేతనం నెలకి 10,000 రూపాయలు, అయిదేళ్లకి ఆరు లక్షలు. వార్డులో పడే 13 వేల ఓట్లలో సగానికి వెయ్యి చొప్పున పంచినా 65 లక్షలు. ఆ తేడా ఎక్కడ రాబట్టుకుంటారో ఇల్లు కట్టుకునేవాళ్లకీ, కొత్త కనెక్షన్ కోసం తిరిగేవాళ్లకీ బాగా తెలుసు. ఈ లెక్క మెల్లగా చెప్పి, ఆ వీధి పేజీ తెరిచి చూపించండి. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్న ఇల్లు మాత్రం పక్కింటికి తనే చెబుతుంది.

పోలింగ్ నాటికి వార్డులో దాదాపు ముప్పై బూత్‌లుంటాయి, ఒక్కోదానికి ఒక ఏజెంటు, మధ్యాహ్నం మార్చడానికి మరొకరు. అరవైమంది నిఖార్సైన మనుషులు దొరక్కపోతే నిలబడే ముందు మళ్లీ ఆలోచించాలి. అసలు పోలింగ్‌కి ముందు నమూనా పోలింగ్ జరుగుతుంది. ఏజెంటు అప్పటికే అక్కడ ఉండి మెషిన్ నంబరు, సీల్ నంబరు రాసుకోవాలి. సాయంత్రం మొత్తం పోలైన ఓట్లు రాసుకున్నాకే లేవాలి. లెక్కింపు రోజున ఆ మూడు అంకెలే బల్ల మీద సరిపోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోపు ఖర్చుల లెక్క రసీదులతో సహా అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఓడిపోయినవాళ్లే దీన్ని ఎక్కువగా వదిలేస్తారు. ఇవ్వకపోతే మూడేళ్లు ఏ స్థానిక ఎన్నికలోనూ నిలబడకుండా అనర్హులు కావచ్చు. ఎన్నిక ఫిబ్రవరిలోనే జరిగితే తర్వాతి ఏరియా సభ ఏప్రిల్ 14న. ఆ రోజుకి పుస్తకంలో చివరి గడి ఖాళీగా ఉన్న వరసలు ఎన్నో లెక్కపెట్టి, వాటిలో మూడు రాసుకుని వెళ్లండి.